నారు ఒరిగిపోతోంది, ధనియాలు మొలవట్లేదు: హన్మకొండ చెల్లికి జవాబు

హన్మకొండ నుంచి వచ్చిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నా.

"అక్కా నమస్తే. మిద్దె మీద కూరగాయలు పెడుదామని ఈ వానాకాలం మొదలుపెట్టిన. టమాట, వంకాయ, మిరప నారు ఇప్పటికి మూడుసార్లు పోసిన. మొలకలు మంచిగనే వస్తున్నయ్, వారం తిరగకముందే అడుగున సన్నబడి ఒరిగిపోతున్నయ్. మిరప అయితే పన్నెండు రోజులైనా మొలవలే, ఆ మట్టి పారబోసిన. టమాట ఒక పది మొక్కలు బతికితే పిల్లలు బడికి పోయినంక పదకొండు గంటలప్పుడు బకెట్లలోకి మార్చిన, సాయంత్రానికే వాడినయ్, మూడో రోజుకి ఎండినయ్. బెండ, క్యారెట్, కొత్తిమీర గూడ ట్రేలోనే మొలిపించి పీకి నాటిన, ఒక్కటి బతకలే. ధనియాలు గిన్నెడు చల్లితే నాలుగు మొలిచినయ్. మట్టిలో సగానికి సగం వర్మీకంపోస్ట్ కలిపిన, మూడు పూటలా నీళ్ళు చల్లుతున్న, ఎండకి మాడతయని బాల్కనీల లోపలి మూలకి పెట్టిన. ఇంట్లోవాళ్ళు బజార్ల దొరికేదానికి ఎందుకీ తిప్పలు అంటున్నరు. నా చెయ్యే మంచిది కాదేమో అనిపిస్తున్నది. చెల్లెలనుకుని చెప్పండి."

చెల్లీ, ముందు ఆ చెయ్యి మాట తీసెయ్. మూడుసార్లు పోస్తే మూడుసార్లూ మొలకలొచ్చాయి అంటే నీ విత్తనం బాగుంది, నువ్వు విత్తడం బాగుంది. తేడా అంతా ఆ తర్వాత వస్తోంది, అదీ వేరు దగ్గర. నీళ్ళు పోశావు, నీడలో పెట్టావు, ఎరువు దండిగా కలిపావు, అన్నీ ప్రేమతో చేసినవే, కానీ పైన కనపడే ఆకు కోసం చేశావు, కింద కనపడని వేరుకి అవే ఎక్కువైపోయాయి. నేను పద్నాలుగేళ్ళుగా మిద్దె మీద పెంచుతున్నా, నారు పోసిన ప్రతిసారీ ఇప్పటికీ నన్ను నేను అడుక్కునేది ఒక్కటే, ఈ పని వేరుకి ఎలా ఉంటుంది అని. నీకు ఈ జవాబంతా అక్కడి నుంచే చెప్తా.

ఒరిగిపోవడం గురించి ముందు. ఈసారి ఒక మొక్క ఒరిగితే పారేయకుండా వేలి మీద పెట్టుకుని వెలుతురులో చూడు. పైన రెండాకులు పచ్చగానే ఉంటాయి, కాండం కూడా బాగానే ఉంటుంది, సరిగ్గా మట్టిని తాకే చోట మాత్రం ఒక అర సెంటీమీటరు మేర నీళ్ళు పట్టినట్టు మెత్తబడి, గోధుమరంగు తిరిగి, దారంలాగా సన్నగా అయిపోయి ఉంటుంది. దాన్నే నారుకుళ్ళు అంటారు. పిథియం లాంటి, బూజులా పెరిగే సూక్ష్మజీవులు చేసే పని అది. ఇవి దాదాపు ప్రతి మట్టిలో ఎంతో కొంత ఉంటాయి, మట్టి ఆరకుండా తడిగా, గాలి ఆడకుండా, మొక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నప్పుడు మాత్రం రెచ్చిపోతాయి. నీ ట్రేలో ఈ మూడూ ఉన్నాయి, మూడు పూటలా నీళ్ళు, బాల్కనీ మూల, చిక్కగా చల్లిన విత్తనం. పైగా సగానికి సగం వర్మీకంపోస్ట్. నారుకి అంత బలం అక్కర్లేదమ్మా. గింజలోనే మొదటి పది రోజులకి సరిపడా తిండి ఉంటుంది, మనం ఎరువు ఎక్కువ వేస్తే కాండం లేతగా నీరు పట్టి పెరుగుతుంది, అలాంటి కాండాన్ని తెగులు ఇట్టే పట్టేస్తుంది.

నాకు రెండో ఏడు ఇలాగే పోయాయి. తెనాలి దగ్గర మా ఊరి నుంచి బస్తాడు పేడ ఎరువు తెచ్చా, పైకి ఎండినట్టే ఉంది, లోపల ఇంకా పచ్చిదనం పోలేదు, ఆత్రంగా నారుమట్టిలో కలిపేశా. 60 వంగ మొక్కలు నాలుగు రోజుల్లో వరసగా పడుకున్నాయి. అమ్మకి ఫోన్ చేస్తే ఒకటే అడిగింది, చేతిలోకి తీసుకుంటే మట్టి వాసన వచ్చిందా పేడ వాసన వచ్చిందా అని. ఇప్పుడు ఏ ఎరువైనా ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తా, వాన పడ్డ మట్టి వాసన వస్తేనే వాడతా, లేదంటే ఇంకో రెండు నెలలు మూల పడేస్తా.

ఇప్పుడు నువ్వు మళ్ళీ పోసేటప్పుడు ఇలా చెయ్. ట్రేలో ఉన్న పాత మట్టి వాడకు, దాన్ని పాలిథిన్ కవర్ మీద పల్చగా పరిచి నాలుగు ఎండలు తగలనివ్వు, తర్వాత పెద్ద మొక్కల కుండీల్లో వేసుకోవచ్చు. ట్రేని సబ్బు పెట్టి కడిగి ఎండలో పెట్టు. కొత్త మిశ్రమానికి కోకోపీట్, అంటే కొబ్బరి పొట్టు, రెండు వంతులు, బాగా మాగిన ఎరువో వర్మీకంపోస్టో ఒక వంతు, కొంచెం ఇసుక చాలు. కోకోపీట్ ఇటుకని నానబెట్టాక ఆ ఎర్రనీళ్ళు రెండుమూడుసార్లు మార్చి పిండెయ్యి, కొన్నిట్లో ఉప్పు ఉంటుంది, అది ఉంటే మొలక కొసలు మాడతాయి. ఎర్రమట్టే వాడాలనుకుంటే జల్లెడ పట్టి, ఇసుక ఎక్కువ కలుపు, మీ వైపు నల్లమట్టి అయితే నారుకి అస్సలు వద్దు, తడిస్తే ముద్ద, ఆరితే రాయి.

దీనికి ట్రైకోడర్మా విరిడి తోడు చెయ్. విత్తనాల షాపుల్లో పొడి దొరుకుతుంది. కేజీ మాగిన ఎరువుకి ఒక 20 గ్రాములు కలిపి, చేత్తో పిడికిలి పడితే ముద్ద కట్టేంత తడి చేసి, గోనెపట్టా కప్పి నీడలో వారం పెట్టు, అదే ఎరువు నారుమట్టిలో కలుపుకో. అది మంచి శిలీంధ్రం, తెగులు తెచ్చేవాటి మీద పడి పెరుగుతుంది. ప్రాణం ఉన్నది కాబట్టి ప్యాకెట్ మీద తేదీ చూసి కొను, ఎండలో పెట్టకు. ఇంత చేసినా ఒక మూల మొక్కలు ఒరగడం మొదలైతే ఆ చుట్టుపక్కల నాలుగైదు మొక్కలు మట్టితో సహా చెంచాతో తీసి పారేసి, నీళ్ళు ఆపి, లీటరు నీళ్ళకి 3 గ్రాములు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మిగిలిన మొక్కల మొదళ్ళు తడిసేలా పొయ్యొచ్చు. ఆ మందూ ట్రైకోడర్మా ఒకేసారి వద్దు, మందు మంచిదాన్నీ దెబ్బతీయొచ్చు. ఒరిగిపోయిన మొక్క మాత్రం మళ్ళీ లేవదు, దాని మీద ఆశ పెట్టుకోకు.

విత్తేటప్పుడు చల్లకు, వరసల్లో వెయ్యి. అగ్గిపుల్లతో అరసెంటీమీటరు లోతు గీత గీసి, గీతకీ గీతకీ రెండంగుళాలు, గింజకీ గింజకీ ఒక అంగుళం. ఏ విత్తనానికైనా లెక్క ఒకటే, గింజ సైజుకి రెండు మూడింతలు మట్టి పైన పడాలి అంతే, అందుకే టమాట గింజ పైపైనే ఉంటుంది, బీర గింజ అంగుళం లోపల ఉంటుంది. ఇంటికి నాలుగు టమాట, మూడు వంగ, ఐదు మిరప మొక్కలు చాలు, చిటికెడు విత్తనం పోస్తే దానికి పదింతలు వస్తాయి, టమాట గింజలు గ్రాముకి దగ్గర దగ్గర 300 ఉంటాయి. అన్నీ ఒకేసారి పోయకు. సగం ప్యాకెట్లోనే ఉంచి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టుకో.

మిరప విషయంలో నువ్వు తొందరపడ్డావు చెల్లీ. టమాట 5 నుంచి 8 రోజుల్లో వస్తుంది, వంగ ఇంకో రెండు రోజులు తీసుకుంటుంది, మిరపకి 8 నుంచి 12, చల్లగా ఉంటే 15 రోజులు కూడా పడుతుంది. నువ్వు పారబోసిన మట్టిలో అవి మొలవడానికి సిద్ధంగా ఉండి ఉండొచ్చు, చదివినప్పుడు నాకు ప్రాణం ఉసూరుమంది. విత్తనం మీద అనుమానముంటే ముందే తేల్చుకోవచ్చు. పది గింజలు తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టు, గుడ్డ ఆరకుండా చూసుకో, ఏడు మొలిస్తే మంచి విత్తనం, నాలుగే మొలిస్తే రెట్టింపు వేసుకో, ఒకటీ రెండూ అయితే ఆ ప్యాకెట్ వద్దు. ఒకసారి ఒక షాపులో కొన్న బెండ ప్యాకెట్‌కి తేదీ ఉన్నచోట వేరే స్టిక్కర్ అంటించి ఉంది, నేను ఇంటికొచ్చాక గానీ గమనించలేదు, 20 గింజలకి 3 మొలిచాయి. అప్పటి నుంచి కొన్న రోజే గుడ్డలో పెట్టి చూడటం అలవాటు చేసుకున్నా.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు, నిజమే, పోస్తాడు, కానీ ఎప్పుడు పోయాలో మట్టిని అడిగి పోస్తాడు. వేలు గోరు వరకు మట్టిలో పెట్టు. తడి తగిలితే ఆ రోజుకి వద్దు. పొడిగా ఉంటే పొద్దున పూట ఒక్కసారి పొయ్యి, రాత్రికల్లా పైమట్టి ఆరాలి. మగ్గుతో పోస్తే గింజలు ఒక మూలకి కొట్టుకుపోతాయి, అందుకని వెడల్పు పళ్ళెంలో అంగుళం నీళ్ళు పోసి ట్రేని అందులో పావుగంట కూర్చోబెట్టు, అడుగు చిల్లుల నుంచి ఎంత కావాలో అంతే తాగుతుంది, పైమట్టి తడిసినట్టు కనపడగానే తీసెయ్. మొదలు పొడిగా ఉండి కింద తడి ఉంటే వేరు దాన్ని వెతుక్కుంటూ దిగుతుంది. పైపైన రోజుకి మూడుసార్లు చల్లితే వేరుకి దిగాల్సిన అవసరమే ఉండదు, పైనే చుట్టుకుని కూర్చుంటుంది, రేపు నాటినప్పుడు ఆ వేరే మొక్కని కాపాడలేదు.

ఇక ఎండ. గింజ మొలిచేదాకా చీకటి ఉన్నా పర్లేదు, మా అమ్మ నారుమడి మీద వరిగడ్డి కప్పేది, తడి ఆరకుండా, పిట్టలు ఏరుకోకుండా. కానీ మొదటి మొలక మెడ ఎత్తింది అనగానే ఆ సాయంత్రమే గడ్డి తీసేసేది, రేపు తీద్దాం అనుకునేది కాదు. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు వెలుతురు కోసం సాగుతాయి. నీ బాల్కనీ మూలలో జరిగింది అదే, తెల్లగా, పొడుగ్గా, సన్నగా వచ్చి ఉంటాయి, అవునా? మొలకలు కనపడ్డ రోజు నుంచి పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగలాలి, వారం పోయాక ఇంకా పెంచు. మిట్టమధ్యాహ్నం ఎండకి మాత్రం పల్చటి తెల్లచీర ముక్క అడ్డం కట్టు. గాలి కూడా కావాలి, గాలికి ఊగిన కాండం గట్టిపడుతుంది. పావురాలు వస్తాయనుకుంటే వల కప్పు, ఆ వల సన్నకన్నులది, 40 మెష్, అంటే అంగుళం పొడవులో 40 కన్నులుండే నైలాన్ వల అయితే తెల్లదోమ కూడా లోపలికి రాదు. టమాటకి ఆకుముడత వైరస్‌ని మోసుకొచ్చేది ఆ తెల్లదోమే, నారు దశలో తగిలిందంటే ఆ మొక్క కాపుకి రాదు, అందుకే టమాట నారుకి ఈ వల ఖర్చు వృథా అనుకోకు.

నాటడం గురించి ఎక్కువ చెప్తా, ఎందుకంటే పది మొక్కలు కష్టపడి బతికించుకుని అక్కడ పోగొట్టుకున్నావు.

టమాట, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు 25 నుంచి 30 రోజులకి, వంగ 30 నుంచి 35 రోజులకి, మిరప 35 నుంచి 40 రోజులకి నాటుకోవచ్చు. రోజులు ఒక లెక్క మాత్రమే, నాలుగైదు అసలు ఆకులు, పెన్సిల్ ములుకంత మందం కాండం, ఇవి చూడు. మొదట వచ్చే రెండు నున్నటి ఆకులు గింజలో ఉన్నవి, వాటిని లెక్కలోకి తీసుకోకు. ముదిరినా మంచిది కాదు, ట్రేలోనే పూత వేసిన టమాట, మిరప నారు కొనకు, ముదురు నారు నాటిన కాలీఫ్లవర్ అయితే గుండీ అంత పువ్వు వేసి ఆగిపోతుంది.

నాటడానికి వారం ముందు నుంచి నీళ్ళు తగ్గించు, రోజూ కాకుండా ఆకు కొంచెం బడలినట్టు కనపడ్డాకే పొయ్యి, ఎండలో ఎక్కువసేపు ఉంచు. దీన్ని నారు గట్టిపరచడం అంటారు. బాల్కనీ నీడలో పెరిగిన మొక్కని తీసుకెళ్ళి పదకొండు గంటల ఎండలో మిద్దె మీద పెట్టావు కదా, అది తట్టుకునేదే కాదు. నాటాక వేరు మళ్ళీ మట్టిని పట్టుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ రెండు మూడు రోజులూ ఆకు నుంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, కింద నుంచి అందదు. అందుకే సాయంత్రం నాటాలి, నాలుగున్నర ఐదు తర్వాత, రాత్రంతా దానికి ఊపిరి తీసుకునే టైం దొరుకుతుంది. నీకు పిల్లలు బడికి వెళ్ళిన టైమే ఖాళీ అని అర్థమవుతోంది, అయితే పొద్దున బకెట్లు నింపడం, మట్టి తడపడం, గుంటలు తీయడం చేసిపెట్టుకో, సాయంత్రం వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని నాటడం అరగంట పని. మబ్బు పట్టిన రోజైతే ఎప్పుడైనా నాటుకో.

నాటడానికి రెండు గంటల ముందు ట్రేకి నీళ్ళు పెట్టు, మట్టి వేరుకి అంటుకుని వస్తుంది. పీకకు. చెంచా వెనక కొసతో పక్క నుంచి దించి కింద నుంచి లేపు. ఎక్కడ పట్టుకోవాలంటే ఆకు పట్టుకో, కాండం పట్టుకోకు. ఆకు చిరిగితే ఇంకోటి వేసుకుంటుంది, లేత కాండం మన వేళ్ళ మధ్య నలిగితే పైకి ఏమీ తెలియదు గానీ లోపల నీళ్ళు పోయే దారి మూసుకుపోతుంది, మొక్క రెండో రోజు వాలుతుంది, మనం ఎండ అనుకుంటాం.

బొటనవేలంత గుంట తీసి టమాట మొక్కని కింది ఆకుల దాకా లోతుగా పెట్టు, కింది రెండాకులు గిల్లేసినా పర్లేదు. టమాట కాండం మట్టిని తాకిన చోటల్లా వేర్లు వేస్తుంది, నీలాగా సన్నగా సాగిపోయిన నారు ఉన్నవాళ్ళకి ఇది వరం, ఆ సాగిన కాండం మొత్తం మట్టిలోకి పోతుంది. వంగ, మిరప ట్రేలో ఉన్న లోతు కంటే కొద్దిగా ఎక్కువ చాలు. క్యాబేజీ, కాలీఫ్లవర్‌కి మధ్యలో మొగ్గ మట్టిలో కూరుకుపోకుండా చూడు, అది పోతే ఇంక పువ్వే రాదు. పెట్టాక చుట్టూ మట్టిని రెండు వేళ్ళతో మెల్లగా అదిమి, వేరుకీ మట్టికీ మధ్య గాలి ఖాళీ లేకుండా చేసి, వెంటనే ఒక చెంబు నీళ్ళు పొయ్యి. మూడు రోజులు మధ్యాహ్నం పూట అట్టముక్కో ఆకుల కొమ్మో అడ్డం పెట్టు. మధ్యాహ్నం వాలి సాయంత్రానికి లేస్తే భయం లేదు, పొద్దున ఆరింటికి కూడా వాలే ఉంటే అప్పుడు మట్టిలో వేలు పెట్టి చూడు, పొడిగా ఉంటే నీళ్ళు, తడిగా ఉంటే నీళ్ళు ఆపడం.

పెయింట్ బకెట్లు 20 లీటర్లవి అయితే ఒక్కోదాంట్లో ఒక్క టమాట లేదా ఒక్క వంగ, అంతే. రెండు పెడితే రెండింతలు కాయవు, రెండూ సగం సగం కాస్తాయి. అడుగున నాలుగైదు చిల్లులు ఉన్నాయో లేదో ఇవాళే తిరగేసి చూడు.

ఇంట్లో నారు కుదరకపోతే నర్సరీలో కొనడం తప్పేం కాదు. కట్టలు కట్టి అమ్మే నారు వేర్లు బయటికి ఉంటాయి కదా, తెచ్చిన వెంటనే తడిగోనెలో చుట్టి, నాటే ముందు లీటరు నీళ్ళకి 10 గ్రాములు సూడోమోనాస్ (తెగుళ్ళని అడ్డుకునే మంచి బ్యాక్టీరియా) పొడి కలిపి వేర్లు అరగంట ముంచి నాటు.

ఇప్పుడు నీ బెండ, క్యారెట్, కొత్తిమీర సంగతి. వీటికి నారు పోయడం అన్నదే లేదు. నారు పోసి నాటేవి కొన్ని, ఉన్నచోటే విత్తేవి కొన్ని, తేడా అంతా వేరులో ఉంది. టమాట, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి, వీటి వేరు తెగినా పక్క నుంచి పిల్లవేర్లు వేసి కుదురుకుంటుంది, ఒక రకంగా ఇంకా గుబురుగా వస్తుంది. బెండ అలా కాదు, మొలిచిన మూడో రోజుకే ఒకే ఒక తల్లివేరు నిలువుగా దిగిపోతుంది, ఆ కొస తెగితే మొక్క ముడుచుకుపోతుంది. క్యారెట్, ముల్లంగిలో మనం తినేదే ఆ తల్లివేరు, పీకి నాటితే బతికినా రెండు కాళ్ళు మూడు కాళ్ళు వేసి వంకరగా వస్తుంది. కొత్తిమీర, మెంతి, తోటకూర, గోంగూర, పాలకూర, గోరుచిక్కుడు, చిక్కుడు, ఇవన్నీ నేరుగా విత్తేవే. బీట్‌రూట్ మాత్రం మార్చినా ఓర్చుకుంటుంది, దాని గింజ ఒక్కటి వేస్తే రెండు మూడు మొలకలు వస్తాయి, అది గింజల గుత్తి, ఒకటి ఉంచి మిగతావి తీసెయ్యాలి.

బీర, సొర, కాకర, పొట్ల, దోసకి మధ్యేమార్గం ఉంది. పేపర్ కప్పులో ఒక్కో గింజ వేసి రెండాకులు వచ్చాక, పన్నెండు పదిహేను రోజుల్లోపు, కప్పు చింపి మట్టిగడ్డ చెదరకుండా దించెయ్యొచ్చు. కోతులు, పావురాలు ఉన్న ఇళ్ళకి ఇది మంచిది. కాకర గింజ పెంకు గట్టిది, ముక్కు దగ్గర గోళ్ళు తీసే కట్టర్‌తో కొంచెం గిల్లి 24 గంటలు నానబెట్టు. బెండ గింజలు రాత్రి నానబెట్టి పొద్దున అంగుళం లోపల కుండీకి రెండేసి వెయ్యి, రెండూ మొలిస్తే బలహీనమైనదాన్ని పీకకుండా కత్తెరతో మొదట్లో కత్తిరించు, పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

తోటకూర గింజ ఆవాల కంటే చిన్నది, పిడికెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట పడవు, పైన పల్చగా మట్టి జల్లి అరచేత్తో అదిమితే చాలు. చీమలు ఎత్తుకుపోతుంటే చుట్టూ బూడిద గీత గియ్యి, మా ఇంట్లో ఎప్పుడూ అదే.

ధనియాలకి వద్దాం. నువ్వు గుండ్రటి ధనియం ధనియంలాగే చల్లి ఉంటావు. ఒక్కో ధనియంలో రెండు గింజలు ఉంటాయి, పైన గట్టి తొక్క. దాన్ని నేల మీద పోసి చెప్పుతోనో అప్పడాల కర్రతోనో మెల్లగా రుద్దితే రెండు బద్దలుగా విడిపోతుంది, పిండి కాకూడదు, విడిపోవాలంతే. ఆ బద్దలని రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు వంచి, ఒక సెంటీమీటరు లోతులో వరసగా వేసి తడిగోనె కప్పు. ఎనిమిదో రోజు నుంచి గోనె ఎత్తి చూస్తూ ఉండు, మొలక కనపడగానే తీసెయ్, 15 రోజుల దాకా వస్తూనే ఉంటాయి. వంటింట్లో ఏడాదిపైగా ఉన్న ధనియాలు అయితే మొలిచే శక్తి తగ్గిపోయి ఉంటుంది, కిరాణా షాపులో కొత్తపంటవి అడుగు. దీనికి ఎండ వేడి పడదు, వేసవిలో మొలిచినా వెంటనే పూతకి వెళ్ళిపోతుంది, ఇక ముందు వచ్చే నాలుగు నెలలే దానికి అసలు కాలం. పది రోజులకొక టబ్బు చొప్పున మూడు టబ్బుల్లో వేసుకో, ఒకటి కోస్తుంటే ఇంకోటి తయారవుతుంది.

కాలం మాట వచ్చింది కాబట్టి, ఇప్పుడు సెప్టెంబర్ నడుస్తోంది, నిజానికి నువ్వు మళ్ళీ మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి అదును లేదు. టమాట, వంగ, మిరప, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు ఈ వారమే పొయ్యి, వచ్చే నెల వానలు వెనక్కి తగ్గేటప్పటికి నాటుకోవచ్చు, చలి రోజుల్లో టమాట కాసినట్టు ఇంకెప్పుడూ కాయదు, ఎండ 35 డిగ్రీలు దాటిందంటే టమాట పూత రాలిపోతుంది, వేసవిలో నీకు పిందె నిలవకపోతే అది నీ తప్పు కాదు. పాలకూర, మెంతి, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ అక్టోబర్‌లో విత్తుకో. బెండ వేయాలంటే ఇప్పుడే వేసెయ్, చలి ముదిరాక గింజ మొలవదు, మళ్ళీ జనవరి ఆఖరికే. బీర, సొర కూడా అంతే, చలి తగ్గే టైంకి.

పందిరి చిక్కుడు కొంచెం లేటైంది గానీ వదలకు, ఇవాళే రెండు గింజలు పెట్టు. నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గానీ పూత వేయదు, ఎప్పుడు వేసినా చలికాలంలోనే కాస్తుంది, రథసప్తమి నాడు చిక్కుడుకాయలతో రథం చేసి సూర్యుడికి పెడతాం కదా, అప్పటికి ప్రతి పెరట్లో చిక్కుడు కాపు మీద ఉంటుంది. నీ తీగకి కాపు తక్కువగా వచ్చినా ఆ రోజు రథానికి కావాల్సిన కాయలు వస్తాయి.

విత్తనం సంగతి ఒక్క మాట. సూటి రకాలు, అంటే హైబ్రిడ్ కానివి, తెచ్చుకుంటే విత్తనం నువ్వే దాచుకోవచ్చు. టమాటలో పూసా రూబీ, వంగలో భాగ్యమతి, శ్యామల, బెండలో అర్కా అనామిక, మిరపలో గుంటూరు లాం పరిశోధన కేంద్రం వాళ్ళ ఎల్‌సీఏ 334, ఇవన్నీ అలాంటివే. బెంగళూరు హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ దగ్గర అర్కా పేరుతో వచ్చేవి చిన్న ప్యాకెట్లలో కూడా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. అందులో అర్కా రక్షక్ టమాట తెగుళ్ళని బాగా తట్టుకుంటుంది, అయితే అది హైబ్రిడ్, దాని కాయల్లోంచి గింజలు తీసి పోస్తే తల్లిలాగా రావు, ప్రతిసారీ కొత్త విత్తనమే కొనాలి. బజార్లో కొన్న టమాట పిండి మొలిపించేవాళ్ళకీ ఇదే చెప్తుంటా, మొలుస్తాయి, కానీ ఏం కాస్తాయో చెప్పలేం.

ఇంట్లోవాళ్ళ మాటకి బాధపడకు. బజార్లో కొనుక్కోవచ్చన్నది నిజమే, కానీ నువ్వు తోటకూర, మెంతి ముందు వెయ్యి, మెంతి నాలుగో రోజుకి మొలుస్తుంది, తోటకూర నెల తిరక్కుండా వంటకి వస్తుంది. టమాట కోసం మూడు నెలలు ఎదురుచూస్తున్న ఇంట్లో మధ్యమధ్యలో ఇలా నాలుగుసార్లు ఆకుకూర పళ్ళెంలోకి వస్తే మాట అదే మారుతుంది. మా ఇంట్లో అలాగే మారింది, మా వారు ఇప్పుడు పొద్దున లేవగానే ముందు పైకే వెళ్తారు, ఏ కుండీలో తడి ఆరిందో ఆయనే వచ్చి చెప్తారు.

ఈసారి నారు పోశాక పదో రోజు ఒక ఫొటో తీసి పంపు. పైనుంచి తీయకు, ట్రే ఎత్తుకి వంగి పక్క నుంచి తియ్యి, కాండం మట్టిని తాకే చోటు కనపడాలి నాకు. ఏ రోజు ఎన్నిసార్లు నీళ్ళు పోశావో అది కూడా రాయి.